స్టీరింగుకూ పొట్టకూ నడుమ

మా చిన్నాయన ఖాకీ చొక్కా మీద, బెల్టుకు కాస్త పైన, అడ్డంగా ఒక నల్ల గీత ఉండేది. చెమట, దుమ్ము, స్టీరింగు చక్రం మీది పాత రంగు కలిసి రోజూ అక్కడే పడేవి. సాయంత్రం చొక్కా నానబెట్టే ముందు చిన్నమ్మ ఆ గీత మీద బట్టల సబ్బు విడిగా రుద్దేది. నేను నంద్యాల పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదువుతూ వాళ్ళింట్లోనే ఉన్నాను గనుక, ఆ రుద్దుడు చప్పుడు వింటూనే పుస్తకం తెరిచేవాణ్ణి. రెండు భాగాలు ఒకదానికొకటి రాసుకుంటే అరుగుదల గుర్తు ఎక్కడ పడుతుందో మాకు వర్క్‌షాపులో చూపించేవారు. చిన్నాయన చొక్కా మీద ఉన్నదీ అదే. ఒక భాగం స్టీరింగు, రెండోది ఆయన పొట్ట.

చిన్నాయన ప్రభుత్వ బస్సు డ్రైవరు. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డకు, మళ్ళీ వెనక్కి. మా నాయనకు శిరివెళ్ల దగ్గర పల్లెలో సేద్యం. శనివారాలు నేను ఇంటికి పోయేది చిన్నాయన బస్సులోనే. సీటు దొరికినా కూర్చునేవాణ్ణి కాదు. ఇంజను మూత పక్కన నిలబడి ఆయన చేతులు చూసేవాణ్ణి. ఆ బస్సుల స్టీరింగుకు మనిషి బలం తప్ప వేరే సాయం లేదు. బండి కదులుతున్నప్పుడు పరవాలేదు. నిలబడిన బండిని మలపాలంటే ముందు టైర్ల మీది బరువంతా భుజాల మీదికి వస్తుంది. చిన్నాయన మలుపుతుంటే ముంజేతి నరాలు తాళ్ళలా లేచేవి, ముఖంలో మాత్రం ఏమీ కనపడేది కాదు. వెనక సీట్లో నిద్రపోతున్న ముసలామె తల కూడా అటు ఇటు ఊగేది కాదు. నాకు అంత గొప్ప డ్రైవరు ఇప్పటికీ తెలియదు.

పొట్ట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడం తేలిక. దారి పక్క హోటళ్ళలో ఒక పద్ధతి ఉంది. ఏ హోటలు ముందు బస్సు ఆగుతుందో ఆ హోటలువాళ్ళు డ్రైవరుకూ కండక్టరుకూ ఊరికే పెడతారు. శిరివెళ్లలో రోడ్డుకు అటొకటి ఇటొకటి హోటళ్ళుండేవి. మా బస్సు ఎప్పుడూ ఆగేది శెట్టి గారి హోటలు ముందే. పోతూ ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. వస్తూ పూరీలు. రెండుసార్లూ చక్కెర అడుగున కరగకుండా మిగిలేంత టీ. పొద్దున ఇంట్లో చిత్రాన్నం తిని పోయేవాడు, మధ్యాహ్నం క్యారియరు ఉండనే ఉంది. జేబు నిండా వేయించిన చెనక్కాయలు, బెల్లం ముక్క. ఎన్నేళ్ళయినా తిరిగే దారి అదే. నడిచేది మాత్రం ఇంటి నుంచి డిపో దాకా.

పొట్ట పెరిగేకొద్దీ ఆయన సీటు వెనక్కి పోయింది. సీటు కింద పట్టాలో వరసగా బోల్టు రంధ్రాలుంటాయి. మెకానిక్కుకు చెప్పి ఒక్కో రంధ్రం వెనక్కి జరిపించుకుంటూ పోయాడు. చివరికి ఆఖరి రంధ్రం దగ్గర ఆగిపోయింది. ఆ బండి ఎక్కువగా ఆయన చేతిలోనే ఉండేది గనుక ఎవరూ అడగలేదు. సీటు వెనక్కి పోతే చేతులు చాచి చక్రం పట్టుకోవాలి. చాచిన చేతికి బలం తక్కువ. ఇది ఇంజనీరింగు చదవకపోయినా తెలుస్తుంది.

ఆ చలికాలంలో డ్రైవర్లకు వైద్య పరీక్ష పెట్టారు. వయసు ఒక హద్దు దాటినవాళ్ళందరికీ అది తప్పదు. చూసిన డాక్టరు కోస్తా నుంచి కొత్తగా వచ్చిన కుర్రవాడు, మెత్తగా మాట్లాడేవాడు. అక్కడ జరిగింది మాకు ఆ సాయంత్రం కండక్టరు చెప్పాడు. ఆయన చిన్నాయనకు ఎన్నో ఏళ్ళ జతగాడు. మా వాకిట్లో నిలబడి ఇద్దరి గొంతులూ తనే పలికాడు.

"డాక్టరు పొట్ట మీద చెయ్యేసి, 'మీకు కొవ్వు బాగా పట్టిందండీ' అన్న్యాడు వదినా. అంతే. అన్న బల్ల మీద నుంచి దిగినాడు. 'ఎవురికి సార్ కొవ్వు? నేనేమన్నా మిమ్మల్ని అనినానా? ఇన్నేండ్లు స్టీరింగు పట్టినా, ఒక్క ప్యాసింజరు నన్ను ఆ మాటనలే' అంటాడు. ఆ పిల్లోనికి చెమట్లు పట్టినాయి. 'ఆ కొవ్వు కాదండీ, ఈ కొవ్వండీ' అని పొట్టలో యేలు పెట్టి చూపిచ్చినాడు."

చిన్నమ్మ నవ్వకుండా అడిగింది. "యేలు ఎంత లోపలికి పోయిందిరా?"

"సగం పోయింది వదినా."

నవ్వులు అయిపోయాక చిన్నాయన అసలు మాట చెప్పాడు. రక్తపోటు ఎక్కువగా ఉంది. పొట్ట తగ్గాలి, రక్తపోటు దిగాలి, చేతుల్లో బలం మాత్రం పోకూడదు. ఆరు నెలల తర్వాత డాక్టరు మళ్ళీ చూస్తాడు. అప్పటికీ ఇలాగే ఉంటే స్టీరింగు నుంచి దించి డిపో గేటు దగ్గర వేస్తారు.

"గేటుకాడ కుర్చీలో కూర్చోని, పోయే బస్సుల నంబర్లు రాసుకోవాల్నంట," అన్నాడు చిన్నాయన. "నేను కూర్చున్యా అంటే కదిలే కుర్చీలోనే కూర్చోవాల. కదలని కుర్చీ నాకొద్దు." అని లోపలికి పోయి, ఆ రాత్రి అన్నం సగంలో వదిలేశాడు. చిన్నమ్మ ఆ కంచం వైపు చాలాసేపు చూసింది.

తర్వాత జరిగిన పొరపాటు మా ఇళ్ళల్లోనే జరుగుతుంది. మేము క్రైస్తవులం. ఈస్టరుకు ముందు నలభై దినాలను మా సంఘంలో శ్రమదినాలంటారు. కొందరు మాంసం మానేస్తారు, కొందరు పగలంతా ఉపవాసముండి సాయంత్రం గుళ్ళో, అదే మా చర్చిలో, ప్రార్థన అయ్యాక తింటారు. చిన్నాయన అంతవరకు ఆదివారం మాంసం కూర మానడానికే గొణిగేవాడు. ఆ ఏడు మాత్రం అన్నీ ఒకేసారి ఎత్తుకున్నాడు. గుడ్డు లేదు, మాంసం లేదు, పాలు లేవు, మజ్జిగ కూడా లేదు. పొద్దున్నుంచి మంచినీళ్ళు. గుడి నుంచి వచ్చాక ఆకలి ఆగక పెద్ద పళ్ళెంలో అన్నం, ఊరగాయ, పైన నూనె. గుళ్ళో అందరూ ఆయన భక్తిని మెచ్చుకున్నారు. ఆయన కాదనలేదు.

బరువు చూసుకోవడానికి నంద్యాల రైల్వే స్టేషనుకు పోయేవాళ్ళం. అక్కడ రంగు దీపాలు తిరిగే తూకం యంత్రం ఉండేది. నాణెం వేస్తే అట్టముక్క మీద ఒకవైపు బరువు, ఇంకోవైపు జాతకం వచ్చేవి. ప్రతి వారమూ బరువు దిగుతూనే ఉంది. చిన్నాయన ఆ అట్టముక్కలను చొక్కా జేబులో పెట్టుకుని డిపోలో చూపించేవాడు. "చిక్కినావప్పా, మొగమంతా పీక్కపోయింది" అని ఎవరన్నా అంటే పొంగిపోయేవాడు. మామూలుగా మా వైపు ఆ మాట జాలిపడి అంటారు.

కానీ చొక్కా మీద గీత పోలేదు. చిన్నమ్మ సబ్బు రుద్దుతూనే ఉంది. నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. బుగ్గలు లోపలికి పోయాయి, మెడ సన్నబడింది, భుజాల దగ్గర చొక్కా జారింది. పొట్ట దాదాపు అలాగే ఉంది. ఆ యంత్రం మొత్తం బరువు చెబుతుంది. ఏ భాగం నుంచి ఎంత తగ్గిందో చెప్పదు.

ఆ సంగతి ఆళ్లగడ్డలో తేలింది. శ్రమదినాలు ముగియవచ్చిన ఒక శనివారం మధ్యాహ్నం. ఎండ అప్పటికే ముదిరింది. వస్తూ దిగుదామని శిరివెళ్లలో దిగకుండా నేనూ ఆళ్లగడ్డ దాకా పోయాను. బస్టాండు మలుపులో ఒక పత్తి లారీ అడ్డంగా నిలిచిపోయింది. వెనక ఎడ్లబండ్లు, పక్కన గోడ. వెనక్కి కాస్త పోయి, చక్రం పూర్తిగా తిప్పి, మళ్ళీ ముందుకు రావాలి. చిన్నాయనకు అది రోజూ చేసే పని. చక్రం పట్టుకుని లాగాడు. సగం తిరిగి ఆగింది. మళ్ళీ లాగాడు. చేతులు వణకడం నేను ఇంజను పక్క నుంచి చూశాను. లారీ డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "ఏమన్నా, ఒంట్లో బాగలేదా? నేను వొచ్చి తిప్పేదా?" అన్నాడు. వెటకారం కాదు, మంచికే అడిగాడు. అందుకే ఇంకా బాధగా ఉండింది.

కండక్టరు టికెట్ల సంచి నాకిచ్చి, డ్రైవరు తలుపు మెట్టెక్కి, బయటి నుంచే చక్రానికి ఒక చెయ్యేశాడు. ఇద్దరూ కలిసి మలిపారు. బస్సులో ఎవరూ నవ్వలేదు.  తిరుగు దారిలో శిరివెళ్లలో దిగవలసినవాణ్ణి నేను దిగకుండా ఆయన వెంట నంద్యాలకే వచ్చేశాను.

చిన్నమ్మ మిషను బడిలో మూడో తరగతి చెప్పేది. తిండి ఎన్ని రకాలు, ఏది బలమిస్తుంది, ఏది ఒళ్ళు కడుతుంది అనే పాఠం ఏటా పిల్లలచేత బట్టీ పట్టించేది. ఇంట్లో ఆ పాఠం ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు కండక్టరు చెప్పిందంతా విని, చిన్నాయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఏమయ్యా, ఉపవాసం ఎవరికి?"

"దేవునికి."

"పొట్ట?"

చిన్నాయన చొక్కా కిందికి లాక్కున్నాడు.

"పొట్ట డాక్టరుకు. ఒక్క టికెట్టు మీద రెండూర్లకు పోదామనుకున్యావు నువ్వు. ఇంట్లో సామాను ఎక్కువైంది, కొంచెం బయటెయ్యమని ఆ పిల్లోడు చెప్తే, గోడలు కూలగొట్టుకుంటా వొచ్చినావు. సామాను యాడున్యాది ఆడనే ఉండాది." అని ఆయన పై చెయ్యి పట్టుకుని నొక్కింది. "ఈ కండ నీకు యాడ నుంచి వొస్తుంది మళ్ళా? రైలు స్టేషన్లో నాణెమేస్తే వొస్తుందా?"

"ఏం చేయమంటావు మరి? తింటే పొట్ట, తినకుంటే చెయ్యి!"

"తిను. కానీ నేను చెప్పింది తిను."

ఈస్టరు దాకా ఆమె ఏమీ మార్చలేదు. మొక్కుకున్నది మొక్కుకున్నట్టు తీరనిచ్చింది. ఈస్టరు మరునాటి నుంచి మా వంటింటి పద్ధతి మారింది. నేను అందులో తిన్నవాణ్ణే గనుక కొంత వివరంగా చెప్పగలను. పొద్దున చిత్రాన్నం పోయింది. రెండు ఉడికించిన గుడ్లు, ఒక జొన్నరొట్టె, గట్టిగా మెదిపిన ఆకుకూర పప్పు. మధ్యాహ్నం క్యారియరులో సంకటి ముద్ద ఉండేది, కానీ పాత ముద్దలో సగం. మిగతా గిన్నెల్లో పప్పు, కూరగాయ, ఉలవ గుగ్గిళ్ళు. ఒక సీసాలో నీళ్ళ మజ్జిగ. తినడంలో వరసను కూడా ఆమే పెట్టింది. ముందు గుగ్గిళ్ళు, గుడ్డు, పప్పు. తర్వాత కూర. ఆఖరున సంకటి గానీ అన్నం గానీ, అప్పటికి ఎంత ఆకలి మిగిలితే అంత. ఈ వరస చిన్న విషయంలా కనిపిస్తుంది. నేను కూడా చేసి చూశాను. రెండో వడ్డన అడగాలని నాకే అనిపించలేదు.

ఆదివారం కూర ఆపలేదు, పెంచింది. కొవ్వు ముక్కలు తీసేసి, నూనె గరిటెతో పోసేది చెంచాతో పోసింది. చెనక్కాయలు పూర్తిగా మాన్పించలేదు. జేబు నిండా పోసుకునేవాడు, ఇప్పుడు తనే గుప్పెడు లెక్కపెట్టినట్టు ఇచ్చి జేబు గుండీ పెట్టేది. బెల్లం మాత్రం మానిపించింది. ఉప్పు, ఊరగాయ తగ్గించింది, రక్తపోటుకు అదీ కావాలని డాక్టరు చెప్పి ఉన్నాడు. టీలో చక్కెర ఒక్కసారి తీసేయలేదు. వారానికి కాస్త చొప్పున, ఆయనకు తెలియకుండా తగ్గించింది. తొందరపడనివ్వకపోవడమే ఆమె గొప్పతనం అనుకుంటాను. ఒక వారం తూకం యంత్రంలో బరువు కదలకపోతే చిన్నాయన రాత్రి తిండి మానేస్తానన్నాడు. ఆమె కంచం పెట్టి ఎదురుగా నిలబడింది. ఆయన తిన్నాడు.

ఉలవల దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది.

"ఏంది మేయ్, ఎద్దులకు ఉడకబెట్టేవి నాకు పెడ్తాండావా?"

"పందెంలో బండలాగే ఎద్దుకు పెడ్తారు. దాని భుజం సూడు, తర్వాత మాట్లాడు."

చిన్నాయన నా వైపు తిరిగాడు. "ఒరేయ్, నువ్వు సదువుకున్యోనివి. నువ్వన్నా చెప్పు."

ఇంజనుకు డీజిల్ ఎంత ముఖ్యమో, ఇంజను దిమ్మకు ఇనుము అంత ముఖ్యమని, అన్నం డీజిల్ లాంటిదని, ఉలవలు ఇనుము లాంటివని నేను చెప్పాను. ఆయన గుగ్గిళ్ళు నోట్లో వేసుకుని నమిలాడు. "ఇనుమే," అన్నాడు. "నిజమే, పండ్లకు తెలుస్తాంది."

తిండితోనే కండ నిలవదని, దాని చేత పని చేయించాలని నాకు అనిపించింది. పాత ఇనుప సామాను అంగడిలో రెండు అరిగిపోయిన బ్రేక్ డ్రమ్ములు దొరికాయి. కాలేజీ వర్క్‌షాపులో మాస్టరు అనుమతితో ఒక కడ్డీకి రెండు చివర్లా మర పెట్టి, డ్రమ్ములు జారకుండా నట్లు బిగించాను. నా చేతి పనుల్లో నాకు నచ్చినది అదే. చిన్నాయన డ్యూటీకి పోయే ముందు పెరట్లో దాన్ని ఎత్తేవాడు. తర్వాత బావి దగ్గరికి పోయి మా ఇంటికే కాక పక్కింటికి కూడా నీళ్ళు చేదేవాడు. పక్కింటామె మొదట మొహమాటపడింది. తర్వాత బిందెలు ముందుగానే వరసగా పెట్టి పోయేది.

ఇంట్లో అంతా సర్దుకుంది. శిరివెళ్లలో తిరగబడింది.

శ్రమదినాల్లో చిన్నాయన ఏమీ తినకపోతే ఉపవాసమని శెట్టి గారు సరిపెట్టుకున్నారు. ఈస్టరు తర్వాత మొదటి రోజే చిన్నాయన శెట్టి గారి హోటల్లో పూరీలు వద్దన్నాడు. టీ ఒక్కటి తాగి లేచాడు. శెట్టి గారు గల్లాపెట్టె దగ్గర నుంచి చూశారు. మరునాడు పూరీల పక్కన అడగకుండానే వడ వచ్చింది. చిన్నాయన కండక్టరు వైపు జరిపాడు. ఆ తర్వాత నెయ్యి దోసె వచ్చింది. కండక్టరు దానికీ న్యాయం చేశాడు. ఆ వారం చివర జాంగిరీ పొట్లం నేరుగా స్టీరింగు ముందున్న అరలోకే వచ్చింది. అప్పుడు గానీ మాకు విషయం బోధపడలేదు. డ్రైవరు తిండి వద్దంటున్నాడంటే, రేపో మాపో బస్సు ఎదురు హోటలు ముందు ఆపబోతున్నాడని శెట్టి గారు అనుకుంటున్నారు. ఆయన లెక్కలో డ్రైవరు తినకపోవడానికి ఇంకో కారణం లేదు.

"అన్నా, నువ్విట్ల కానియ్," అన్నాడు కండక్టరు బస్సెక్కుతూ, బెల్టు వదులు చేసుకుంటూ. "నువ్వు తగ్గేకొద్దీ నేను పెరుగుతాండా. బస్సు బరువు మాత్రం అంతే."

శనివారం నేనూ ఉన్నప్పుడు శెట్టి గారు ఇక ఆగలేక బస్సు దగ్గరికే వచ్చేశారు. ఆయన పెద్ద మనిషి, మంచి మనిషి, ముఖం చిన్నబుచ్చుకుని ఉంది.

"డ్రైవరన్నా, ఇన్నేండ్లు మా ఇంటి మనిషి మాదిరి పెట్టినాం. ఎదురింటోడు ఏం పెడ్తానన్న్యాడో చెప్పు. దానికి రెండింతలు నేను పెడ్తా."

"వాడేం పెడ్తానన్లేదప్పా."

"మరి మా పూరీ చేదయిందా?"

"పూరీ బాగుండాది శెట్టీ. బాగుండబట్టే నా కొంప మునిగింది."

"ఏందన్నా ఆ మాట! మా అన్నం తిని ఎవరి కొంపా మునగలే!" శెట్టి గారి గొంతు పైకి లేచింది. టీ తాగుతున్న ప్యాసింజర్లు గ్లాసులు పట్టుకుని దగ్గరికి వచ్చారు.

చిన్నాయన మాటలతో గెలిచే మనిషి కాదు. కిందికి దిగి, శెట్టి గారి చెయ్యి పట్టుకుని, "రా, ఈడ ఎక్కు" అని డ్రైవరు తలుపు మెట్టు చూపించాడు. శెట్టి గారు పంచె సర్దుకుంటూ ఎక్కి సీట్లో కూర్చున్నారు. కూర్చున్నారు అనడం కంటే ఇరుక్కున్నారు అనాలి. ఆయన పొట్ట ముందు చిన్నాయన పొట్ట ఎందుకూ చాలదు. చక్రం అంచు తెల్ల చొక్కాలోకి దిగింది.

"ఇప్పుడు తిప్పు," అన్నాడు చిన్నాయన.

"యాడ తిప్పేదన్నా? నా పొట్ట కూడా తిరుగుతుంది దీంతో!"

బస్సంతా నవ్వింది. శెట్టి గారే ముందు నవ్వారు. దిగాక చూసుకుంటే ఆయన తెల్ల చొక్కా మీద అడ్డంగా నల్ల గీత. చిన్నాయన తన చొక్కా మీది గీత పక్కన పెట్టి చూపించాడు. అప్పుడు డాక్టరు మాట, గడువు, గేటు దగ్గరి కుర్చీ, అన్నీ చెప్పాడు. ఆళ్లగడ్డ మలుపు సంగతి కూడా దాచలేదు. నిండు బస్సు ముందు ఒక మనిషి తన చెయ్యి వణికిందని చెప్పడం నేను అంతకు ముందు వినలేదు. ఆ రోజు ఆయన నా కళ్ళకు ఇంకా పెద్దవాడయ్యాడు.

శెట్టి గారు చొక్కా మీది గీతను తుడుచుకోలేదు. "స్టీరింగు మీద నుంచి దించుతారా నిన్ను? కొత్తోడొచ్చి బస్సు యాడ ఆపుతాడో ఎవనికి తెలుసు! ఏం తినాల్నో చెప్పన్నా, బేగా చెప్పు."

ఆయనది శాకాహార హోటలు, గుడ్డు ఆ గడప దాటదు. గుగ్గిళ్ళు మాత్రం ఎందుకు దాటవు? సోమవారం నుంచి మా బస్సు వేళకు వేడి గుగ్గిళ్ళు సిద్ధంగా ఉండేవి. ఒక రోజు అలసందలు, ఒక రోజు పెసలు, ఒక రోజు శనగలు. నూనె చుక్క పోపు, ఉల్లిపాయ తరుగు, నిమ్మకాయ పిండి, ఆకు దొన్నెలో పెట్టి, పక్కన గ్లాసు నీళ్ళ మజ్జిగ. డ్రైవరు ఏం తింటున్నాడా అని ప్యాసింజర్లు తొంగిచూశారు. ఒకరిద్దరు తమకూ పెట్టమన్నారు. కొన్నాళ్ళకు లోపలికి కేకే మారిపోయింది. "రెండు పూరీ, ఒక డ్రైవరు గుగ్గిళ్ళు!" అని వడ్డించేవాడు అరిచేవాడు. ఎదురు హోటలువాళ్ళు కూడా పెట్టారు గానీ, ఆ పేరు పెట్టుకోలేకపోయారు.

ఎండలు పోయి తొలి వానలు పడ్డాయి. తూకం యంత్రంలో బరువు శ్రమదినాల్లో అంత వేగంగా దిగలేదు. ఒక్కోసారి ఉన్నచోటే ఉండేది. కానీ బ్రేక్ డ్రమ్ముల కడ్డీని ఇప్పుడు తల పైకి ఎత్తుతున్నాడు. బెల్టుకు కొత్త రంధ్రాలు నేనే మేకుతో పొడిచాను. ఒక సాయంత్రం చిన్నమ్మ చొక్కాను నానబెట్టబోతూ వెలుతురులో పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. గీత లేదు. ఆమె ఎవరినీ పిలవలేదు. అలవాటు కొద్దీ ఆ చోట సబ్బు రుద్దింది, తర్వాత తనకే నవ్వొచ్చినట్టుంది, చెయ్యి ఆపేసింది.

డాక్టరు మళ్ళీ పిలిచిన రోజు సెలవు పెట్టి నేనూ పోయాను. కండక్టరు సరేసరి. డాక్టరు రక్తపోటు రెండుసార్లు చూశాడు. నడుముకు టేపు పెట్టాడు. అరచెయ్యి ముందుకు చాచి, "గట్టిగా నొక్కండి చూద్దాం" అన్నాడు. చిన్నాయన నొక్కాడు.

"చాలండీ, చాలు, వదలండి!"

డాక్టరు వేళ్ళు విదిలించుకుంటూ కూర్చుని కాగితం మీద సంతకం పెట్టాడు. రక్తపోటు ఇంకాస్త దిగాలని, ఇదే పద్ధతి మానకుండా సాగించమని చెప్పాడు. తలెత్తి, పాత సంగతి గుర్తొచ్చి కాబోలు, జాగ్రత్తగా మాట ఏరుకున్నాడు. "మీకు... అది, బాగా తగ్గిందండీ."

"కొవ్వే కదా సార్, చెప్పండి పరవాలేదు," అన్నాడు చిన్నాయన. "కానీ మా ఇంట్లో అడిగితే ఇంకా ఉండాదనే చెప్తుంది."

ఇది జరిగి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నేను కొలిమిగుండ్ల దగ్గర నాపరాళ్ళు కోసే యంత్రాలు చూసుకుంటున్నాను. మెస్సులో నా కంచంలో ఇప్పటికీ అన్నం ఆఖరునే వస్తుంది. ఎందుకని అడిగినవాళ్ళకు చిన్నమ్మ చెప్పిన గోడలు, సామాను మాట చెబుతాను. నేను చదివిన ఏ పుస్తకంలోనూ అంత సూటిగా లేదు.

డాక్టరు సంతకం పెట్టిన రోజు నేరుగా ఇంటికి పోలేదు. చిన్నాయన డిపోకు తీసుకుపోయి, తన బండి ముందు నిలబడి, "స్పానరు తెచ్చినావా?" అన్నాడు. పొద్దున ఎందుకు తీసుకు రమ్మన్నాడో అప్పుడు తెలిసింది. మెకానిక్కు నవ్వి, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. నేను సీటు కింద దూరాను. ముందువైపు రంధ్రాల్లో ఏళ్ళ నాటి దుమ్ము, గ్రీజు గట్టిపడి ఉన్నాయి. మేకుతో గుచ్చి శుభ్రం చేసి, బోల్టులు విప్పి, సీటును ఒక రంధ్రం ముందుకు జరిపాను.

చిన్నాయన ఎక్కి కూర్చుని చక్రం పట్టుకున్నాడు. మోచేతులు వంగాయి. చక్రం అంచుకూ చొక్కాకూ మధ్య అరచెయ్యి అడ్డంగా పెట్టి చూసుకున్నాడు. చెయ్యి పట్టింది.

"ఇంకొకటి జరుపురా," అన్నాడు.